పన్నెండు రాతి పిచుకలు

ఏడు నోళ్ళ కొండకు ఆరు నోళ్ళు ఉత్తుత్తివి. ఏ నోట్లో దూరినా పది బారలు పోయేసరికి బండ అడ్డం వస్తుంది. ఏడోది మాత్రం నిజంగా మింగే నోరు. దానిలోకి పోయినవాడు తిరిగివచ్చి లోపల ఏముందో చెప్పిన పాపాన పోలేదు. అలాంటి నోట్లోకి, మిట్టమధ్యాహ్నం వేళ, ఒక ఆడపిల్లా ఒక ముసలి పండితుడూ కలిసి ఒక రాజకుమారుణ్ణి మోకుతాడు కట్టి దుంగల మీద దొర్లించుకుంటూ తీసుకుపోతున్నారు. దొర్లించక తప్పదు మరి. ఆయనకు కాళ్ళున్నాయి కానీ అవి నల్లరాయి. నడుమూ నల్లరాయే. పొద్దున పొట్ట దగ్గరున్న రాయి ఇప్పుడు రొమ్ము దాకా పాకింది.

ఆయన తామ్రగిరి యువరాజు జయంతసేనుడు. ఆ రాజ్యంలో ఐదేళ్ళుగా బావులన్నీ ఎండిపోయాయి. ఎండగట్టినవాడు శుష్కనాథుడనే మాంత్రికుడు. ప్రజలు కడవలు మోసుకుని వాడి కాళ్ళ దగ్గర సాగిలపడితే తప్ప గుక్కెడు నీళ్ళు దొరకని రోజులవి. యువరాజు కిరీటం పక్కన పెట్టి, మారువేషంలో బావులు తవ్వేవాళ్ళ గుంపులో చేరి, ఏడాదిపాటు మన్ను మోశాడు. ఆ గుంపుకు పెద్ద అయినవాడి కూతురు చెంగల్వ. కుందేటిమిట్ట దగ్గర ఆమె గడ్డపార నాటిన చోట ముప్పై బారల లోతున నీరు పడింది. ఊరు ఊరంతా ఏడ్చింది, సంతోషంతో. ఆ సాయంత్రమే శుష్కనాథుడు గద్ద రూపంలో దిగి యువరాజు పాదాల మీద పిడికెడు బూడిద చల్లాడు. "ఏడో రోజు పొద్దు గుంకేసరికి నీ తల కూడా రాయవుతుంది. విరుగుడు కావాలంటే నా కొండకు రా" అని చెప్పి ఎగిరిపోయాడు.

ఇవాళ ఏడో రోజు.

ఇక మూడో మనిషి. ఆయన అసలు పేరు సర్వజ్ఞభట్టు. లోకం పిలిచేది ఏమోభట్టు అని. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడా అని అడిగితే, "ఏమో, ఇంతవరకూ అలా కనబడింది" అంటాడు. నీ పేరేమిటి అంటే, "అలా పిలుస్తుంటారు" అంటాడు. పధ్నాలుగు రాజ్యాల్లో ఆయన్ను వాదంలో ఓడించిన పండితుడు లేడు. ఎలా ఓడిస్తారు? ఫలానాది నిజమని ఆయన ఎప్పుడైనా అంటే కదా. నవ్వకండి. మూడు రోజుల కిందట ఎడారి నడుమ బంగారు నగరం ప్రత్యక్షమై, విస్తళ్ళు వేసి, పాయసాలు వడ్డించి పిలిచినప్పుడు, చెంగల్వ ఒక కాలు గడపలో పెట్టేసింది. ఏమోభట్టు ఒక్కడే నిలబడిపోయి, "ఇది నగరమే అనడానికి నాకు ఆధారం కనబడదు" అన్నాడు. ఆ మాటకు ఆమె వెనుదిరిగింది. వెంటనే నగరం ఉన్నచోట నోరు తెరిచిన ఊబి కనిపించింది. ఆ రోజు ఆయన లేకపోతే ఈ కథ అక్కడే సమాప్తం.

గుహలోకి అడుగుపెట్టగానే ముగ్గురూ నిలిచిపోయారు. రాజసభకు మూడింతలు విశాలం. పైకప్పుకు ఉన్న చిల్లులోంచి ఎండ ధారగా దిగి, స్ఫటిక స్తంభాలకు తగిలి, నీలంగా, ఆకుపచ్చగా, గోమేధిక వర్ణంగా చీలి గోడల నిండా ఆడుతోంది. ఆ వెలుగులో ఒక తోట. దానిమ్మ చెట్లు, మల్లెపొదలు, పువ్వు మీద వాలబోతూ ఆగిపోయిన తుమ్మెదలు, కొమ్మ కొమ్మకూ పిచుకలు. ఈకల మీది గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అంత అందమూ రాయి. గుమ్మం పక్కన వరసగా మనుషులు, వాళ్ళూ రాయే. విరుగుడు కోసం వచ్చి గుండాల దగ్గర రాయైపోయినవాళ్ళు. ఎవరు ఏ గుండం దగ్గర పోయారో తెలియకుండా మాంత్రికుడు అందరినీ తెచ్చి ఒక్కచోట నిలబెట్టాడు. దుర్మార్గుడే కానీ తెలివితక్కువవాడు కాడు.

తోట మధ్యలో మూడు గుండాలు. మూడింటిలోనూ నీరు ఒకేలా తళతళలాడుతోంది. గోడ మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. భట్టుగారు చదివాడు.

"ఒక గుండం ప్రాణం. రెండు గుండాలు మరణం. ఒక్కసారే ఎంచుకో."

"ఏది ప్రాణం?" అంది చెంగల్వ.

"అమ్మాయీ, కన్ను మోసం చేస్తుంది. నాలుక మోసం చేస్తుంది. బుద్ధి ఈ రెంటి మాటా విని తీర్పు చెబుతుంది కాబట్టి అదీ మోసం చేస్తుంది. తెలుసుకోవడం సాధ్యమని ముందు ఎవరైనా నిరూపిస్తే, అప్పుడు ఏదో ఆలోచిద్దాం."

"ఈలోగా నేను విగ్రహమైపోతాను భట్టుగారూ. గుళ్ళో పెడతారేమో కూడా" అన్నాడు జయంతసేనుడు. ఆయనకు నవ్వితే రొమ్ము నొప్పి. అయినా నవ్వుతున్నాడు.

చెంగల్వకు నవ్వు రాలేదు. కూలివాడనుకున్న రోజుల్లోనే ఆమె ఆయనకు మనసిచ్చింది. యువరాజని తెలిశాక ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. కప్పు చిల్లులోంచి ఎండ అప్పుడే పక్కకు వాలుతోంది. ఆమె చెట్టు మీది రాతి పిచుకను ఒకదాన్ని విరిచి, రాతి ఆకుతో మొదటి గుండంలో నీళ్ళు ముంచి, దాని మీద పోసింది.

పిచుక రెక్క విదిల్చింది. కిచకిచమంది.

"లేచింది" అంది చెంగల్వ.

"లేచింది" అన్నాడు జయంతసేనుడు, కళ్ళు పెద్దవి చేసి.

"నాకు రాయే కనబడుతోంది" అన్నాడు ఏమోభట్టు.

"పట్టుకుని చూడండి సామీ. గుండె టకటకమంటాంది." ఆమె పిచుకను ఆయన చేతిలో పెట్టింది. పట్టు కుదరని ముసలి చేతిలో రాతి బరువు పడింది. జారింది. నేల మీద ఠంగున మోగి, రెండు ముక్కలైంది. లోపల కూడా రాయే.

చెంగల్వ ఆ రాతి ఆకును దూరంగా విసిరేసింది. మరుక్షణంలో అదే నీరు జయంతసేనుడి మీద పోసి ఉండేది. ఆమె వేళ్ళకు వెచ్చదనం నిజంగా తగిలింది. చెవులకు కిచకిచ నిజంగా వినబడింది. అంతా ఉత్తిదే.

"నేను చెప్పలేదూ? ఏదీ తెలియదు" అన్నాడు భట్టుగారు, దెప్పిపొడుపు లేకుండానే.

"మీకూ తెలీలేదు సామీ. నేను బతకాలని చూసినాను, బతికినట్టు కనపడింది. మీరు ఏమీ లేదని చూసినారు, ఏమీ లేనట్టు కనపడింది. ఈసారి రాయి కాబట్టి మీది ఒప్పయింది. రేపు నిజంగా బతికిన పిచుకను పెట్టినా మీకు రాయే కనపడుతుంది. ఈ గుహలో మనసు దేనికోసం ఎదురుచూస్తే కన్ను అదే చూస్తాంది."

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. "ఇది... కాదనడానికి నాకు తోచడం లేదు."

"తప్పు నాది" అంది చెంగల్వ. "ఓటమి మాట చెప్పకుండా గడ్డపార వేసినా."

ఓటమి మాట అంటే ఏమిటో చెప్పాలి. తామ్రగిరిలో బావులు తవ్వేవాళ్ళకు ఒక కట్టుబాటుంది. మొదటి దెబ్బ వేయడానికి ముందు, పది మంది వినేలా, తాను తప్పని ఎలా తెలుస్తుందో తానే చెప్పాలి. 'ఇరవై బారల్లో తెల్లమన్ను రాకపోతే నేను చెప్పింది తప్పు' అని. ఆ మాట ముందే చెప్పాలి, గుంట తవ్వాక కాదు. ఎందుకంటే తవ్వేవాడికి ఆశ ఎక్కువ. ఇరవై బారలు దిగాక ఏ మన్ను చూసినా తెల్లగానే కనిపిస్తుంది, ఇంకో ఐదు బారలు అంటాడు, ఇంకో పది అంటాడు, చివరికి ఊరి జనం చేతులు బొబ్బలెక్కి దాహంతో చస్తారు. ఓటమి మాట చెప్పని పెద్ద వెంట ఒక్క కూలీ కూడా దిగడు. ఎంత గొప్ప కట్టుబాటో చూడండి. దీన్ని కనిపెట్టింది మహర్షులు కారు, చేతులకు కాయలు కాసినవాళ్ళు.

చెంగల్వ పన్నెండు పిచుకలను విరిచి తెచ్చి వరసగా పెట్టింది.

"సామీ, నేను కళ్ళకు గంతలు కట్టుకుని గోడవైపు తిరుగుతా. మూడు పిచుకలకు మొదటి గుండం నీళ్ళు, మూడింటికి రెండోది, మూడింటికి మూడోది పోయండి. తడి ఆనవాలు లేకుండా అన్నీ గుడ్డతో అద్దండి. పొట్ట కింద బొగ్గుతో గీతలు పెట్టండి, ఒకటో గుండానికి ఒకటి, అట్లా. తర్వాత అన్నీ కలిపేయండి. నాకు చెప్పొద్దు. దగ్గొద్దు, నిట్టూర్చొద్దు."

"మిగతా మూడు?"

"వాటికి మన తోలుసంచిలో తెచ్చుకున్న కుందేటిమిట్ట బావినీళ్ళు. గీత వద్దు. అవి ఉత్త నీళ్ళు కదా, ఏమీ కాదు. నా చెయ్యి నాతో అబద్ధమాడుతాందా లేదా అవి చెబుతాయి." ఆమె గొంతు సవరించుకుని, గుహంతా వినబడేలా అంది. "ఓటమి మాట వినండి. సంచి నీళ్ళు తగిలిన పిచుక వెచ్చబడితే, లేదా వెచ్చబడిన వాటిలో రెండు రకాల గీతలుంటే, నేను చెప్పింది తప్పు."

ఏమోభట్టు వరసలోని మొదటి పిచుకను చేతిలోకి తీసుకున్నాడు. "నలభై ఏళ్ళు అందరినీ సందేహించాను. నన్ను నేనూ సందేహించాను. సందేహాన్ని ఇలా పనిలో పెట్టొచ్చని తోచలేదు."

"మీరు సానరాయి సామీ. మీరు లేకపోతే నా కత్తి మొద్దు. కాకపోతే సానరాయితో కూరగాయలు తరగలేం."

భట్టుగారు ఆ పూట ఎంత శ్రద్ధగా పనిచేశాడో చెబితే పధ్నాలుగు రాజ్యాల పండితులు నమ్మరు. వేళ్ళకు ఆ నీరు అంటకుండా రాతి ఆకులతో పోశాడు, అద్దాడు, గీతలు పెట్టాడు, కలిపాడు. ఫలితం తన ముఖంలో కనిపించకూడదని, నీరు రాతిలోకి ఇంకేలోపే తానూ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. గంతలతో చెంగల్వ ఒక్కొక్క పిచుకనూ ఎత్తి చెంపకు ఆనించుకుంది. ఏది దేనిదో ఆమెకు తెలియదు. దేనికోసం ఎదురుచూడాలో తెలియని మనసు దగ్గర మాయకు పని లేకపోయింది. చల్లన. చల్లన. చల్లన. వెచ్చన. ఆమె దాన్ని కుడివైపు పెట్టింది. పన్నెండూ అయ్యేసరికి కుడివైపు మూడు, ఎడమవైపు తొమ్మిది.

గంతలు విప్పింది. కుడివైపు మూడూ బిక్కుబిక్కుమంటూ నడుస్తున్నాయి. ఒకటి భట్టుగారి పంచె మీద రెట్ట వేసింది. ఆమె వాటిని పట్టి, బోర్లించి పొట్టలు చూసింది.

మూడింటికీ గీత లేదు. మూడూ తోలుసంచి నీళ్ళవి.

చెంగల్వ నేల మీద కూలబడిపోయింది. జరగకూడదని తాను చెప్పినదే జరిగింది. ఆమె నోటితో ఆమే చెప్పింది, ఇలా అయితే తప్పు అని. జయంతసేనుడి రాయి అప్పటికి మెడ ఎముకల దాకా వచ్చింది. ఎండ ధార తూర్పు గోడ ఎక్కుతోంది.

"ఓడిపోయినా" అంది.

ఇలాంటి గెలుపు కోసం నలభై ఏళ్ళు వాదించిన ఏమోభట్టు, ఆ పిల్ల ముఖం చూసి తల దించుకున్నాడు.

"చెంగల్వా." జయంతసేనుడి గొంతు బొంగురుపోయింది. "కుందేటిమిట్టలో మీ నాయన మొదటి గుంటకు ఓటమి మాట వచ్చినప్పుడు ఏం చేశాడు?"

"పూడ్చేసినాడు."

"తర్వాత?"

"పక్కన ఇంకోటి తవ్వినాడు."

"ఓటమి మాట గుంటకే, మనిషికి కాదని ఆ రోజు నువ్వే నాకు చెప్పావు. మన్ను మోయలేక నేను ఏడుస్తుంటే."

ఆమె తలెత్తింది. మెల్లగా లేచి నిలబడింది.

"ఏ గుంట పూడ్చాల? నేను రెండు మాటలు తడమకుండా నమ్మినా. గుండాల్లో ఒకటి మందు అని. అది గోడ మీద రాసింది వాడే కదా. మన సంచి నీళ్ళు ఉత్తవని. అది ఎవరు చెప్పినారు? ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నా. వాడు ఐదేళ్ళు బావులన్నీ ఎందుకు ఎండగట్టినాడు? నీరు పడిన రోజే నీ మీద ఎందుకు బూడిద చల్లినాడు? బావినీళ్ళంటే వాడికి భయం. భయపడాల్సినది వాటిలో ఏదో ఉంది."

"ఈ ఏడు రోజులూ నేను ఆ నీళ్ళే తాగాను కదా" అన్నాడు జయంతసేనుడు.

"తాగినావు. రాయి మీద పోయలేదు." చెంగల్వ నుదురు కొట్టుకుంది. ఆ దేశంలో పుట్టినవాళ్ళు తప్ప మరొకరు చేయలేని తప్పు అది. తామ్రగిరిలో నీళ్ళు ఒలకబోస్తే పిల్లలకు అన్నం పెట్టరు. ఏడు రోజుల ప్రయాణంలో ఒక్క చుక్క కూడా యువరాజు గడ్డం దాటి కిందికి జారలేదు. జారనివ్వకుండా ఆమే కొంగుతో ఒత్తింది. ఇంకెవరైనా అయితే మొదటి రోజే ఆ రాయి కాళ్ళు కడిగి ఉండేవారు.

సంచిని వంచి చూసింది. రెండు దోసిళ్ళు మిగిలాయి.

"పోసెయ్" అన్నాడు జయంతసేనుడు.

"పోసి, నువ్వు లేచినావని నాకు కనపడి, నేను ఒక రాతిని ఇంటికి మోసుకుపోతే?" ఆమె మళ్ళీ గంతలు కట్టుకుంది. "సామీ, మూడు చుక్కలు. ఏ భుజం మీదో మీ ఇష్టం. రెండో భుజానికి ఏమీ వద్దు. ఓటమి మాట వినండి. చుక్క పడని భుజం మెత్తబడితే, లేదా రెండూ మెత్తబడితే, ఇది కూడా పూడ్చాల్సిన గుంటే."

భట్టుగారు చుక్కలు వేసి, అద్ది, తప్పుకున్నాడు. ఆమె తడుముకుంటూ వచ్చి కుడి భుజానికి చెంప ఆనించింది. రాయి. ఎడమ భుజానికి ఆనించింది. చర్మం. చెమట వాసన. ఏడాదిపాటు పక్కనే మన్ను మోసిన భుజం.

"ఎడమ" అంది.

"ఎడమ" అన్నాడు ఏమోభట్టు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఎందుకో అడిగితే ఏమో అంటాడు కాబట్టి మనం అడగవద్దు.

ఆమె రెండు దోసిళ్ళూ ఒక్క చుక్క నేల పాలు కాకుండా మెడ నుంచి పోసింది. నీరు ఇంకేకొద్దీ గొంతు వదులైంది, రొమ్ము ఎగిసింది, చేతులు కదిలాయి. నడుము దాకా వచ్చేసరికి సంచి ఖాళీ. జయంతసేనుడు మొదట చేసిన పని, ఏడు రోజులుగా ఆమె భుజం మీద మోకు ఒరిసి కట్టిన కాయను వేలితో ముట్టుకోవడం.

ఇద్దరినీ చూస్తే నాకు దండం పెట్టాలనిపిస్తుంది, ఆ పిల్లకూ ఆ ముసలాయనకూ. నిద్ర పట్టని పూట నా గుమ్మంలోకి ఏమోభట్టు వస్తే తెల్లవార్లూ కూర్చోబెట్టుకుంటాను. దాహమేస్తే మాత్రం చెంగల్వ ఇంటికే పోతాను.

అంతలో గుహ ఒక్కసారిగా చీకటైంది. కప్పు చిల్లులోంచి పెద్ద గద్ద దిగి, దిగుతూనే మనిషైంది. ఎండుటాకుల అంగరఖా, పగిలిన పెదవులు, ముడుతలు పడిన పొడవాటి మెడ. శుష్కనాథుడు.

"మూడొందల మంది వచ్చారు. అందరూ మూడింటిలో ఒకటి ఎంచుకున్నారు" అన్నాడు. "ఎంచుకోనిది నువ్వొక్కదానివే పిల్లా. మెచ్చుకున్నాను. మెచ్చుకున్నవాళ్ళను నా తోటలోనే ఉంచుకుంటాను." చేయి ఎత్తాడు. మూడు గుండాలూ కుతకుతలాడుతూ పొంగి, గట్లు దాటి నేల మీద పరుచుకోసాగాయి. బతికిన పిచుకలు చప్పున కొమ్మెక్కాయి. భట్టుగారి చేతికర్ర కొసకు ఆ నీరు తగలగానే కర్ర రాయైంది.

దారి మూసుకుపోయింది. గుమ్మంలో బండ పడింది. చెంగల్వ గడ్డపార తీసి నేల మీద ఇక్కడా అక్కడా పొడిచింది. ఒకచోట చప్పుడు డొల్లగా వచ్చింది. మళ్ళీ పొడిచి, చెవి నేలకు ఆనించింది. కింద ఎక్కడో గలగల, బావుల్లోకి ఊరే నేలనీరు. అయితే పైన మూరెడు మందాన బండ ఉంది. గడ్డపారతో పగలగొట్టడానికి పూట పడుతుంది. ముంచుకొస్తున్న నీటికి పది అడుగుల దూరం.

"సామీ, వాణ్ణి కాసేపు ఆపండి" అంది గుసగుసగా.

ఏమోభట్టు పంచె సర్దుకుని, రాయైన కర్ర పట్టుకుని, మాంత్రికుడి ఎదుట నిలబడ్డాడు.

"అయ్యా, తమరెవరు?"

"శుష్కనాథుణ్ణి."

"అని మీకెలా తెలుసు?"

మాంత్రికుడి చేయి గాలిలో ఆగింది. "నాకెలా తెలుసంటావేమిటి? నేనే శుష్కనాథుణ్ణి."

"కాసేపటి కిందట గద్ద. అంతకుముందు ఏమో. గద్దగా ఉన్నప్పుడు, తాను శుష్కనాథుణ్ణని గద్ద అనుకుంటోందా, లేక తాను గద్దనని శుష్కనాథుడు అనుకుంటున్నాడా? పోనీ, పొద్దున లేచినవాడు రాత్రి పడుకున్నవాడే అనడానికి సాక్షి ఎవరు?"

"నా మంత్రశక్తే సాక్షి. బావులు ఎండగట్టింది ఎవరు?"

"బావులు ఎండాయి. మీరు మంత్రం చదివారు. ఒకదాని తర్వాత ఒకటి జరిగింది. దానివల్లే ఇది అనడానికి మధ్యలో మీరేమైనా చూశారా?"

ఎంత గర్విష్ఠిని అయినా కొట్టడానికి ఇదే మర్మస్థానం. వందేళ్ళుగా భయపడేవాళ్ళే తప్ప ప్రశ్నించేవాళ్ళు దొరకని మాంత్రికుడు, చంపడం మరిచిపోయి వాదానికి కూర్చున్నాడు. నీరు నేల మీద ఆగింది. ఒక్క మనిషి, చేతిలో ఆయుధం లేదు, మనసులో ఒక్క నమ్మకం లేదు, రాజ్యాన్ని ఎండగట్టినవాణ్ణి మాటలతో కట్టేసి నిలబెట్టాడు. తామ్రగిరి సైన్యమంతా చేయలేని పని అది.

ఈలోగా చెంగల్వ గడ్డపారను ఎత్తి వదలడానికి పక్కనున్న స్ఫటిక స్తంభం కొమ్ముకు తన పనిముట్ల మూటలోని గిలక తగిలించి, మోకు దూర్చింది. జయంతసేనుడు తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"గడ్డపార చాలదు. రోకలి కావాలి" అన్నాడు. "నడుము కింద నేను రెండు పుట్ల బరువు. నన్ను ఎత్తి వదులు."

"కాళ్ళు పగిలితే?"

"పొద్దు గుంకితే అవి ఎలాగూ నావి కావు. బండ పగలకపోతే మూడు దెబ్బలకు ఆపేద్దాం. ఓటమి మాట నేనే చెబుతున్నా, విను."

ఆమె మోకు ఒక కొస ఆయన నడుముకు కట్టి, రెండో కొస తన నడుముకు చుట్టుకుని లాగింది. ముప్పై బారల బావిలోంచి మన్ను తోడిన చేతులవి. జయంతసేనుడూ పై చేతులతో తాడు అందుకుని తనను తానే ఎగలాక్కున్నాడు. ఇద్దరు మనుషుల ఎత్తు లేచాక వదిలింది.

ధడేల్. గుహ అదిరింది. బండ మీద వెంట్రుకంత సన్నని చీలిక. కుడి పాదం బొటనవేలి కొస ఊడి ఎగిరిపడింది. ఆయన పళ్ళు బిగించి, "ఇంకోటి" అన్నాడు.

రెండో దెబ్బకు శుష్కనాథుడు తల తిప్పి చూశాడు. మోసం అర్థమైంది. కోపంతో అరవబోతే, భట్టుగారు వాడి అంగరఖా కొస పట్టుకుని, "నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా పోకూడదు" అన్నాడు. మాంత్రికుడు విదిలించి కొట్టాడు. ముసలాయన దొర్లుకుంటూ వచ్చి చెంగల్వ కాళ్ళ దగ్గర పడ్డాడు. గుండాల నీరు నిలువెత్తు గోడలా లేచింది.

"పట్టుకోండి సామీ" అంది చెంగల్వ. ఆయన ఆమె నడికట్టు పట్టుకున్నాడు. ఆమె మోకు వదిలింది.

మూడో దెబ్బకు బండ పగిలింది. బండతో పాటు నేలా, గిలక వేలాడే స్తంభమూ పోయాయి. ముగ్గురూ గిరగిర తిరుగుతూ చీకట్లోకి పడిపోయారు. పైన మాంత్రికుడి అరుపు దూరమై, దూరమై, చల్లని నీరు వాళ్ళ మీద మూసుకుంది.

చెంగల్వ పైకి తేలింది. పక్కన భట్టుగారు దగ్గుతున్నాడు. నీరు వడిగా లాక్కుపోతోంది. ఎటో తెలియదు. ముందెక్కడో జలపాతం హోరు. ఆమె చీకట్లో చేయి చాచి వెతికింది. జయంతసేనుడు లేడు. నడుముకు చుట్టుకున్న మోకు నిట్టనిలువుగా కిందికి లాగుతోంది. రెండు పుట్ల రాయి అడుగుకు దిగిపోతోంది, దానితో పాటు ఆమే ఊపిరి పోసిన ఆ రొమ్మూ, ఆ గొంతూ. ఆమె మోకు లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. అరచేతులు చీరుకుపోయాయి. భట్టుగారూ పట్టాడు. రాలేదు. ఆమె క్షణాలు లెక్కపెట్టడం మానేసింది. ఊపిరి ఎంతసేపు ఆగుతుందో ఆమెకు తెలుసు. ఆ సమయం దాటిపోయింది.

ఉన్నట్టుండి మోకు వదులైపోయింది. చేతిలో బరువు లేదు. తెగిందేమో అనుకుంది. వదులైన మోకును చేతికి చుట్టుకుంటూ లాగింది.

ముందు నీళ్ళు తన్నిన చప్పుడయింది, ఒకసారి, రెండుసార్లు. తర్వాత ఎవరో గుండెలు పగిలేలా ఊపిరి పీల్చిన చప్పుడు.

"చెంగల్వా, కాళ్ళకు చలేస్తోంది" అన్నాడు జయంతసేనుడు.